పని చూడని భాగస్వామికి బ్యాంకు నోటీసు ఎందుకొచ్చింది?

మీరు భాగస్వామ్యం నుంచి తప్పుకున్న సంగతి బయటికి ప్రకటించకపోవడమే కారణమై ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డులో బావగారి కమీషన్ దుకాణంలో 5 లక్షలు పెట్టి, ఒక్క బస్తా తూకం కూడా చూడలేదని, 2 ఏళ్ల కిందటే కాగితం రాసుకుని బయటికొచ్చానని, అయినా దుకాణం అప్పు కట్టమని బ్యాంకు నోటీసు వచ్చిందని అన్నారు. స్లీపింగ్ పార్ట్‌నర్ అంటే పని చూడని భాగస్వామి, అంతే. అప్పు అంటని భాగస్వామి కాదు. 1932 భాగస్వామ్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం, మీరున్నప్పటి అప్పు మొత్తానికీ మీరు బాధ్యులే. 5 లక్షలతో ఆగదు.

1. ముందు నోటీసులో అప్పు తేదీ చూడండి.

2. మీరు తప్పుకున్నాక తీసుకున్నదైతే, అందరూ వదిలేసే మెట్టు ఇదే: బహిరంగ ప్రకటన. అది ఇచ్చేదాకా తర్వాతి అప్పులూ మీ మీద పడతాయి. రిజిస్టరైన సంస్థకు మూడూ కావాలి: ఫర్మ్స్ రిజిస్ట్రార్‌కు (భాగస్వామ్య సంస్థలను నమోదు చేసే అధికారికి) నోటీసు, రాజపత్రంలో (ప్రభుత్వ గెజిట్‌లో) ప్రకటన, జిల్లాలో చదివే తెలుగు దినపత్రికలో ప్రకటన. చాలామంది పత్రికతో సరిపెడతారు, అది చాలదు. మీరు భాగస్వామి అని తెలియకుండా అప్పిచ్చినవారికి మీరు బాధ్యులు కారు. కానీ బ్యాంకు ఫైలులో మీ సంతకమున్న భాగస్వామ్య ఒప్పంద పత్రం నకలు ఉంటే ఆ మాట నిలవదు. ప్రకటన ఈ వారమే ఇవ్వండి, ఇకముందు అప్పులైనా మీ మీద పడవు.

3. మీరున్నప్పటి పాత అప్పైతే, మిమ్మల్ని విడిచిపెట్టినట్టు బ్యాంకు ఒప్పుకోవాలి, రాతపూర్వకంగా అడగండి. "నేను చూసుకుంటాను" అన్న బావగారి మాట బ్యాంకును కట్టడి చేయదు. మీరు కట్టవలసి వస్తే మాత్రం, బయటికొచ్చేటప్పుడు రాసుకున్న కాగితమే ఆయన దగ్గర రాబట్టుకోవడానికి ఆధారం, పోగొట్టుకోకండి.

4. నోటీసు గడువులోపే న్యాయవాదితో జవాబు ఇప్పించండి.