సమాధానం: వర్డ్‌ఆర్ట్‌లో తెలుగు శీర్షిక వేరే కంప్యూటర్‌లో పాడవడం, ఒత్తులు పూడిపోవడం

మీరు పవర్‌పాయింట్‌లో వర్డ్‌ఆర్ట్‌తో (అక్షరాలను అలంకరించే సదుపాయంతో) "ఉగాది శుభాకాంక్షలు" అని అను ఫాంటులో పెట్టిన శీర్షిక స్కూలు కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా కనిపించిందన్నారు. అను ఫాంట్లు యూనికోడ్ (తెలుగు అక్షరాలను ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే గుర్తించే ప్రమాణం) కావు. ఆ ఫాంటు లేని చోట లోపలున్న లాటిన్ అక్షరాలే బయటపడతాయి. కాబట్టి యూనికోడ్‌లో మళ్ళీ టైప్ చేసి, రామభద్ర ఫాంటు పెట్టండి. లావుగా ఉంటుంది, శీర్షికలకు బాగా నప్పుతుంది. తర్వాత ఫైల్ > ఆప్షన్స్ > సేవ్‌లో "ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్" టిక్ చేయండి, ఫాంటు కూడా ఫైలుతో పాటే వెళ్తుంది. అక్కడ దిద్దుబాట్లు కూడా చేయాలంటే "ఎంబెడ్ ఆల్ క్యారెక్టర్స్" ఎంచుకోండి. అసలు మార్చే పనే లేకపోతే శీర్షికను కట్ చేసి, పేస్ట్ స్పెషల్‌లో పీఎన్‌జీగా అతికించండి, అది ఎక్కడా చెదరదు.

ఇక మీరడిగిన రెండో సమస్య, ఒత్తులు పూడిపోవడం. తప్పు ఫాంటుది కాదు, మీరిచ్చిన 6 పాయింట్ల అవుట్‌లైన్‌ది (అక్షరం చుట్టూ గీసే గీతది). గీత అక్షరం అంచుకు ఇరువైపులా పడుతుంది, అంటే 3 పాయింట్లు లోపలికి తినేస్తుంది. "క్ష"లోని సన్నటి ఖాళీ అక్కడే మూసుకుపోతుంది. శీర్షికను కంట్రోల్+డీతో నకలు తీయండి. కింది దానికి మాత్రమే అవుట్‌లైన్ ఉంచి, పైదానికి తీసేయండి. రెండింటినీ ఎంచుకుని అలైన్ సెంటర్, అలైన్ మిడిల్ నొక్కి, గ్రూప్ చేయండి. అక్షరం పూర్తి లావుతో, చుట్టూ అంచుతో నిలుస్తుంది.

టెక్స్ట్ ఎఫెక్ట్స్‌లోని ట్రాన్స్‌ఫామ్‌లో వార్ప్ (అక్షరాలను వంచి సాగదీసే) ఆకారాలు వాడితే ఫాంటు సైజు పనిచేయదు. పెట్టె ఎంతుంటే అక్షరాలు అంత సాగుతాయి, పెట్టె మూలలు లాగి సరిచేసుకోండి.