డస్టర్ డీజిల్ టైమింగ్ బెల్టు: షోరూంలోనా, ఆటోనగర్‌లోనా?

మీది 2014 డస్టర్ డీజిల్, పెద్దగా తిరగలేదు. షోరూం వాళ్లు టైమింగ్ బెల్టు (ఇంజన్లో వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి తగలకుండా లెక్కగా కదిలేలా చేసే రబ్బరు బెల్టు) మార్చాలంటున్నారు, బయట మేస్త్రి మాత్రం "బెల్టు బానే ఉంది, ఇప్పుడే ఎందుకండీ" అన్నాడు. ఎవరి మాట వినాలి, ఎక్కడ చేయించాలి అనేగా మీ ప్రశ్న. మార్చాలా వద్దా అన్న దాంట్లో షోరూం మాటే కరెక్టు. ఎక్కడ అన్నది వేరే లెక్క. నాదీ అదే 1.5 డీసీఐ (రెనో డీజిల్) ఇంజన్, నేను ఆటోనగర్‌లో బయట షెడ్డులోనే చేయించాను.

పైన కవరు పక్కకి లాగి చూసి బెల్టు బాగుందనడం నేనైతే నమ్మను. వయసైపోయిన బెల్టు కూడా పైకి కొత్తదానిలాగే కనిపించొచ్చు. బండి తిరగకపోయినా రబ్బరు వయసు ఆగదు. మాన్యువల్లో కిలోమీటర్లతో పాటు సంవత్సరాలు కూడా రాసేది అందుకే, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. ఈ ఇంజన్లో బెల్టు తెగిందంటే వాల్వులు వెళ్లి పిస్టన్లకి తగులుతాయి, వంగిపోతాయి, హెడ్ (ఇంజన్ పైభాగం) దింపాల్సిందే. అరకు ఘాట్‌లో ఎక్కుతుండగా తెగినా, బీచ్ రోడ్డు సిగ్నల్ దగ్గర తెగినా ముందుగా చెప్పి తెగదు. మామూలు ఇన్సూరెన్సులో మెకానికల్ బ్రేక్‌డౌన్ రాదు కాబట్టి ఖర్చంతా మన జేబులోంచే. ఎప్పుడైనా నడుస్తూ నడుస్తూ ఇంజన్ ఆగిపోయి, సెల్ఫ్ కొడితే ఎప్పుడూ లేనంత తేలిగ్గా తిరిగితే మళ్లీ కొట్టకండి, బండి లాగించుకుపోండి.

నేనూ ముందు షోరూంకే వెళ్లాను. ఎస్టిమేట్‌లో బెల్టు, టెన్షనర్ (బెల్టుని బిగువుగా పట్టి ఉంచేది) ఉన్నాయి గానీ, ఇంజన్ చల్లబడేలా కూలెంట్‌ని తిప్పే వాటర్ పంపు లేదు. ఈ ఇంజన్లో పంపుని తిప్పేది కూడా టైమింగ్ బెల్టే. ఆ మాటే అడిగితే సర్వీస్ అడ్వైజర్ "లీకేజీ లేదు కదా సార్, అవసరం లేదు" అన్నాడు. రేపు ఆ పంపు కారినా, బేరింగ్ పోయినా మళ్లీ ఇదంతా విప్పాలి, మళ్లీ అదే లేబరు. పైగా పని చేసే టెక్నీషియన్‌తో మాట్లాడనివ్వలేదు, అది నాకు అస్సలు నచ్చలేదు.

ఆటోనగర్ మేస్త్రి రెనో, నిస్సాన్ డీజిల్ బళ్ల మీద బాగా చేయి తిరిగినవాడు. లాకింగ్ పిన్నులు ఉన్నాయా అని అడగ్గానే డబ్బా తెచ్చి చూపించాడు. మీరు ఎక్కడికెళ్లినా మొదట అడగాల్సింది ఇదే. క్యామ్‌కీ (వాల్వుల్ని తెరిచే షాఫ్టు) క్రాంక్‌కీ (పిస్టన్ల కింది షాఫ్టు) ఈ పిన్నులు పెట్టి కదలకుండా లాక్ చేశాకే పాత బెల్టు తీయాలి. "వైట్‌నర్‌తో మార్కులు పెట్టి కలిపేస్తాలే అన్నా" అనేవాళ్ల దగ్గర బండి పెట్టకండి, షెడ్డు ఎంత పెద్దదైనా సరే. కొత్త బెల్టు ఎక్కించి పిన్నులు తీశాక ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి, పిన్నులు మళ్లీ సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో చూడాలి. మా మేస్త్రి నేను అడక్కుండానే చూశాడు, అక్కడే నాకు టెన్షన్ పోయింది.

కిట్ నేనే కొన్నాను. బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు అన్నీ ఒకే డబ్బాలో వచ్చేది తీసుకోండి. గేట్స్, కాంటిటెక్, ఎస్‌కేఎఫ్ లాంటివి చాలు, కానీ నకిలీలు తిరుగుతుంటాయి కాబట్టి బిల్లు ఇచ్చే కొట్టులోనే కొనండి. దాంతో పాటే కొత్త క్రాంక్ పుల్లీ బోల్టు, బయటి ఫ్యాన్ బెల్టు కూడా. ఫ్యాన్ బెల్టు చిన్న విషయం అనుకుంటారు గానీ, అది చీలి పోగులు పుల్లీ వెనక్కి దూరాయంటే టైమింగ్ బెల్టునే తప్పించేస్తాయి. ఆయిల్ సీళ్ల దగ్గర తడి ఉంటే అవీ అప్పుడే మార్పించండి.

విప్పాక చూస్తే పంపు చుట్టూ కూలెంట్ కారి ఎండిన చార ఉంది, షోరూం వాళ్లు లేదన్న లీకేజీ అదే. సముద్రం పక్కన ఉంటాం కదా, మౌంటు బోల్టులు తుప్పుపట్టి కదలనని మొరాయించాయి, పనిలో సగం టైం వాటికే పోయింది. మొత్తం ఖర్చు, పంపుతో కలిపి కూడా, షోరూం ఎస్టిమేట్ కంటే బాగా తక్కువే అయింది.

బండి ఇంకా వారంటీలో ఉన్నవాళ్లయితే షోరూంకే వెళ్లాలి. మీ బండికి ఆ గొడవ లేదు. షోరూంలోనే చేయించాలనుకుంటే వాటర్ పంపు కూడా ఎస్టిమేట్‌లో రాయించుకోండి, పాత సామాన్లు వెనక్కి ఇవ్వమనండి. బండి తెచ్చుకున్నాక కొన్నాళ్లు కూలెంట్ లెవెల్, టెంపరేచర్ ముల్లు చూసుకుంటూ ఉండండి, కూలెంట్ పైపుల్లో గాలి ఉండిపోతే అక్కడే తెలుస్తుంది.

మీ బావగారి స్విఫ్ట్ డీజిల్ గురించి కూడా అడిగారు. అది 1.3 మల్టీజెట్, దాంట్లో టైమింగ్ బెల్టు ఉండదు, దాని బదులు చైనే. ఆయన ఇంజన్ ఆయిల్ టైముకి మార్పించుకుంటూ ఉంటే చాలు, ముందువైపు నుంచి గలగల శబ్దం వస్తే మాత్రం చూపించమనండి.