ఐదో తరగతి పాపకు ఒలింపియాడ్ కోచింగ్: సుకన్య ఆపి కట్టాలా?

ప్రశ్న: మా పాప ఐదో తరగతి. లెక్కలంటే ప్రాణం. ఇక్కడొక సెంటర్ వాళ్లు మ్యాథ్స్ ఒలింపియాడ్ ఫౌండేషన్‌కు రెండేళ్లకు 1,44,000 అడుగుతున్నారు. నెలకు 12,000 చొప్పున ఏడాదిపాటు నో కాస్ట్ ఈఎంఐ అట. మా ఇద్దరి జీతాలు కలిపి 58,000. ఇంటి లోన్‌కు 16,000 పోతుంది. పాప పేరు మీద సుకన్య సమృద్ధి ఖాతాలో నెలనెలా వేస్తున్న 4,000 ఆపేసి ఇది కట్టమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: వద్దమ్మా. సుకన్య ఆపొద్దు, ఆ ఈఎంఐ కాగితం మీద సంతకమూ పెట్టొద్దు.

ఈ ఏడాది వేయాల్సిన 48,000కు ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీ అలాగే కొనసాగితే, పదేళ్లకు సుమారు లక్షా ఐదు వేలు అవుతుంది. దాని మీద పన్ను లేదు. పాప పదో తరగతి పాసయ్యాక పై చదువుకు ఖాతాలో సగం వరకు తీసుకోవచ్చు. పైగా సుకన్య ఆపినా మీకు సరిపోదు. జీతంలో లోన్, కోచింగ్ పోతే మిగిలే 30,000తోనే స్కూలు ఫీజు, కిరాణా, ఆసుపత్రి అన్నీ చూసుకోవాలి.

నో కాస్ట్ ఈఎంఐ అంటే మామూలుగా ఒక ఫైనాన్స్ సంస్థ మీ పేరు మీద ఇచ్చే అప్పు. పాప మధ్యలో మానేసినా వాయిదాలు ఆగవు, తప్పితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబంలో బాబు నాలుగో నెలలోనే మానేశాడు. సెంటర్ డబ్బు తిరిగివ్వలేదు. ఆ తండ్రి మిగతా వాయిదాలు కడుతూ బాబు మీద కోప్పడేవాడు. నాకు అప్పు కంటే ఆ కోపమే ఎక్కువ బాధ కలిగించింది.

అసలు తొందరేముంది? మన దేశంలో అసలైన గణిత ఒలింపియాడ్‌కు మొదటి మెట్టు ఐఓక్యూఎం అనే పరీక్ష. అది 8 నుంచి 12 తరగతుల పిల్లలకు. మూడు గంటల్లో 30 ప్రశ్నలు. ఆ తర్వాత ప్రాంతీయ స్థాయిలో ఆర్‌ఎంఓ, జాతీయ స్థాయిలో ఐఎన్‌ఎంఓ, చివరికి దేశం మొత్తం మీద ఆరుగురితో అంతర్జాతీయ జట్టు. ఆడపిల్లలకు ఈజీఎంఓ అనే మరో పోటీ కూడా ఉంది, దానికి నలుగురు వెళ్తారు. మీ పాపకు ఇంకా మూడేళ్ల టైం ఉంది. స్కూళ్లలో ప్రైవేటు సంస్థలు పెట్టే పరీక్షలకూ ఒలింపియాడ్ అనే పేరే ఉంటుంది కాబట్టి, దేనికి తయారు చేస్తారో సెంటర్ వాళ్లను సూటిగా అడగండి. చెప్పిన ఫీజులో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందో లేదో కూడా కనుక్కోండి. కోచింగ్ ఫీజుకు ఆదాయపు పన్ను మినహాయింపు రాదు.

పాప ఇష్టాన్ని మాత్రం ఆపకండి. మీ ఊళ్లో లెక్కలు ఇష్టంగా చెప్పే మాస్టారు ఎవరైనా ఉంటే నెలకు 2,000 దాకా పెట్టి, ఏ నెల ఫీజు ఆ నెలే కడుతూ మూడు నెలలు పంపండి. అర్థంకాని లెక్క పట్టుకుని తనంతట తానే అరగంట కూర్చుంటోందా, మార్కులు లేని లెక్కలు కూడా అడిగి చేస్తోందా, గమనించండి. అలా చేస్తుంటే ఏడో తరగతిలో మంచి కోచింగ్‌కు పంపడం న్యాయమే. అందుకోసం ఇప్పటి నుంచే నెలకు 3,000 చొప్పున బ్యాంకులో రెండేళ్ల ఆర్‌డీ (నెలనెలా వేసే డిపాజిట్) కట్టండి. అసలే 72,000 చేరుతుంది, వడ్డీ అదనం. ఒలింపియాడ్ పాత ప్రశ్నపత్రాలు ముంబైలోని హోమీ భాభా సెంటర్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పాప ఎనిమిదికి వచ్చాక వాటిని ప్రింట్ తీసి ఇవ్వండి.