ఇళ్ల వెనక నీలగిరి కలప తోపు నరుకుతున్నారు, ఇటువైపు రెండు వరసలు వదిలేయమని అడగొచ్చా?

కళ్లకు బోసిగా ఉండకుండా ఇళ్ల వైపు రెండు వరసల చెట్లు ఉంచమని తోపు యజమానిని అడగాలనుకుంటున్నారు కదా. అడగకండి. నేను 18 ఏళ్లుగా ఇలాంటి తోపే చూసుకుంటున్నాను, ఆ పొరపాటు నేనే చేశాను.

పక్కిళ్లవాళ్లు బతిమాలితే ఒక కోతలో గట్టు వెంట రెండు వరసలు వదిలాను. అందరూ సంతోషించారు. మొదటి గాలివానకే మూడు చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. ఒకటి ఓ వంటింటి కిటికీకి మూరెడు దూరంలో పడింది. పైకి లేచిన వేళ్ల గడ్డ పళ్లెంలా పలచగా ఉంది. చుట్టూ చెట్ల చాటున పెరిగినవాటికి గాలి తగలదు, అందుకే మొదలు లావెక్కదు, వేరు గట్టిపడదు. ఎత్తుని గుండె ఎత్తులో ఉన్న మందంతో భాగించి చూడండి, రెండూ ఒకే కొలతలో. 20 మీటర్ల చెట్టు 20 సెంటీమీటర్ల మందమే ఉంటే 100 వస్తుంది. నాకైతే 80 దాటితేనే టెన్షన్.

ఇప్పుడు కోతకు ఐదారేళ్ల ముందే ఇళ్ల వైపు చెట్లను పలచన చేస్తున్నాను, అదీ రెండు మూడు విడతల్లో. గాలికి కాస్త కాస్తగా ఊగుతూ అవే లావెక్కుతాయి. గోడకు మరీ దగ్గర పొట్టి రకాలు, పొదలు వేస్తాను. నిజానికి కంటికి అడ్డుగా ఉండేవి అవే, పొడుగు చెట్ల కింద అంతా ఖాళీయేగా! మీ దగ్గర కోత ఈ ఏడే కాబట్టి అంత టైం లేదు. అంచుదాకా నరికేసి పొదలు నాటమనండి. రెండు మూడేళ్లు బోసిగానే ఉంటుంది, తప్పదు.

గట్టిగా అడగాల్సింది కొమ్మారెమ్మా గురించి. నీలగిరి ఆకులో నూనె ఉంటుంది, ఎండిందంటే అగ్గిపుల్ల చాలు. ఆ కుప్పలు మీ గోడ పక్కన పడకూడదు. లారీలు నేల ఆరాకే రావాలి, తడిలో పడిన చక్రాల గాడి వానొస్తే కాలువై బురదంతా మీ వీధిలోకే తెస్తుంది. నరికేటప్పుడు చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో ఎవరూ ఉండకూడదు. వీడియో తీస్తామని గోడెక్కే పిల్లల్ని మాత్రం మీరే దించాలి.

అన్నట్టు, పెరటి చెత్త గోడ మీంచి తోపులోకి విసిరే అలవాటు మీ వీధిలో ఉంటే ముందు అది మాన్పించండి. మా తోపులో రెండుసార్లు మంట మొదలైంది అలాంటి కుప్పలోనే.