చుట్ట మానేసిన ముసలమ్మ

విజయనగరం

చిరంజీవి తమ్ముడికి,

నీ కథా, దానికి నువ్వే చేసుకున్న ఇంగ్లీషు అనువాదమూ రెండూ చదివాను. తెలుగు కథ గురించి శ్రీకాకుళం వచ్చినప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం. పేచీ అంతా ఇంగ్లీషుతోనే.

ముసలమ్మ ఊడుపుల మధ్యలో గట్టెక్కి అడ్డపొగ కాలుస్తుంది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, బురద చేతులు మోకాళ్ళ మీద ఆన్చుకుని. అక్కడ మా అమ్మమ్మే కళ్ళముందు కూర్చుంది. దాన్ని ఇంగ్లీషులో 'షి స్టాప్డ్ స్మోకింగ్' అని రాశావు. ఏం చేశావో తెలుసా? ముసలమ్మ చేత చుట్ట మాన్పించేశావు! ఎవరు చెప్పినా వినని మనిషి, నీ ఒక్క ముక్కకి మానేసింది. తర్వాతి పేరాలో మళ్ళీ నోట్లోంచి పొగ. చదివేవాడు బుర్ర గోక్కోడా? నువ్వు రాయాల్సింది 'స్టాప్డ్ టు స్మోక్'.

ఏ క్రియ తర్వాత 'టు' వస్తుందో, ఏ క్రియ తర్వాత 'ఇంగ్' వస్తుందో పట్టిక ఉందా అని అడిగావు. గైడ్లలో బోలెడు. ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్‌లకి ఇంగ్. వాంట్, డిసైడ్, ప్రామిస్, రెఫ్యూజ్‌లకి టు. బట్టీ పట్టెయ్, అంతే. అసలు తంటా రెండూ ఒప్పుకునే క్రియలతో. ఏది రాసినా వ్యాకరణం తప్పు పట్టదు. కథ మాత్రం మారిపోతుంది.

అలాంటి చోట నేను కలం పక్కన పెట్టి, ఆ మాట మనింట్లో ఎలా అంటామో పైకి అనుకుంటాను. చుట్ట కాల్చడం మానింది, చుట్ట కాల్చడానికి ఆగింది. ఈ రెండూ మన పల్లెల్లో చదువురాని వాళ్ళు కూడా కలిపెయ్యరు. 'రిమెంబర్' చూడు. తాళం వేసినట్టు గుర్తు అంటే 'రిమెంబర్ లాకింగ్'. పని ముందు, గుర్తు తర్వాత. గుర్తుపెట్టుకుని మరీ తాళం వేసింది అంటే 'రిమెంబర్డ్ టు లాక్'. గుర్తు ముందు, పని తర్వాత. నాకు అన్నిటికంటే ఇష్టమైంది 'ట్రై'. కిటికీ తియ్యడానికి చూసింది అంటే 'ట్రైడ్ టు ఓపెన్', రెక్క బిగుసుకుపోయి రాలేదేమో. కిటికీ తీసి చూసింది అంటే 'ట్రైడ్ ఓపెనింగ్', కిటికీ వచ్చింది గానీ గాలి రాలేదు. చూడడం అనే ఒక్క క్రియతో మన భాష ఎంత పని చేస్తోందో!

ఇంగ్లీషు 'టు' కూడా మొదట దిక్కును చూపిన మాటే, మన 'కి' లాగా. అందుకే చాలాచోట్ల అది ఇంకా జరగని పని వైపు చూస్తుంది. ఇంగ్ జరిగినదాన్నో, జరుగుతున్నదాన్నో పట్టుకుంటుంది. అన్నిచోట్లా కాదు సుమా. 'సజెస్ట్' చేసేది రేపటి పనే, అయినా 'సజెస్టెడ్ గోయింగ్' అనాలి. 'మేనేజ్' అయితే పని అయిపోయినట్టే, అయినా టు. వీటికి మళ్ళీ బట్టీయే గతి.

మన చెవి మోసం చేసే చోటు కూడా ఒకటుంది. 'మిమ్మల్ని కలవడానికి ఎదురుచూస్తున్నాను' అని మనసులో అనుకుని, కుర్రతనంలో ఒక సంపాదకుడికి 'లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ' అని రాశాను. ఆయన ఎర్రసిరాతో 'మీటింగ్' అని దిద్ది తిప్పి పంపాడు. నేనేమో ఏదో మీటింగ్ పెడుతున్నాడనుకుని, ఎక్కడ, ఎన్నింటికి అని అడుగుతూ కార్డు రాయబోయాను! అక్కడి టు క్రియకి చెందింది కాదు, విభక్తి. అనుమానం వస్తే దాని పక్కన సంక్రాంతిని కూర్చోబెట్టు. 'లుక్ ఫార్వర్డ్ టు సంక్రాంతి' అనొచ్చు, కాబట్టి ఇంగ్ పెట్టు. 'వాంట్ టు సంక్రాంతి' అనలేం, కాబట్టి మామూలు క్రియే.

ఇంగ్లీషులో రాస్తే ఊళ్ళో నవ్వుతారని బెంగపడ్డావు. గురజాడ వారు మొదట్లో ఇంగ్లీషులోనే కవిత్వం రాశారు. 1897లో కన్యాశుల్కం అచ్చయినప్పుడు ముందుమాటా ఇంగ్లీషులోనే. మీ జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవరల నోట విని నేర్చుకుని వాళ్ళ భాషకి వ్యాకరణం రాస్తే 1931లో అచ్చయింది. నవ్వేవాళ్ళని నవ్వనీ.

ఇంకొక్కటి. ఏడో పేజీలో ముసలమ్మ కొడుక్కి 'ట్రైడ్ టు కాల్' అని ఉంది. ఫోన్ చేస్తే వాడు ఎత్తలేదా, లేక నంబరు నొక్కడమే ఆమెకి చేతకాలేదా? తెలుగులో 'ఫోన్ చేసి చూసింది' అనే రాశావు. తేల్చుకుని ఆ పేజీ మళ్ళీ పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య