రెజ్యూమెలో గేమ్ గురించి రాయొచ్చా అన్నా?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ మన తిరుపతి, చిత్తూరు వైపువే. పరీక్షలు, ప్లేస్‌మెంట్లు ఒకేసారి నెత్తిమీదికొచ్చినట్టున్నాయి, టెన్షన్ అంతా అక్షరాల్లోనే కనబడుతోంది. మొదటి ఉత్తరం పెద్దది, దానికి నా జవాబు ఇంకా పెద్దదైంది. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: అన్నా, మాది పాకాల దగ్గర పల్లె. తిరుపతిలో బీటెక్ సీఎస్ఈ ఆఖరి సంవత్సరం, బైరాగిపట్టెడలో ముగ్గురం రూమ్ తీసుకుని ఉన్నాం. రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా వాలరెంట్ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ ఆడతాను, ర్యాంక్ అసెండెంట్ (పై నుంచి మూడోది). సెకండ్ హ్యాండ్ పార్టులు ఏరుకొచ్చి జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డుతో పీసీ నేనే బిగించుకున్నా, ఫ్రెండ్స్‌కి ఇంకో నాలుగు బిగించిచ్చా. మా టీం ప్రాక్టీస్ టైమింగుల కోసం డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో పైథాన్‌తో ఒక బాట్ (దానంతటదే పనిచేసే ప్రోగ్రామ్) రాశా. రెండు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి. క్యాంపస్‌కు వచ్చిన మూడు కంపెనీలూ పోయాయి. మా నాయన మామిడికి రేటు లేక అప్పు చేసి ఫీజు కట్టినాడు, 'ఆ ఆట మానేసి బెంగళూరు పోరా' అంటాడు. రెజ్యూమెలో గేమింగ్ గురించి రాయొచ్చా? గేమ్ కంపెనీల్లో ఉద్యోగం వస్తుందా?

జవాబు: తమ్ముడూ, నేనూ ఈ ఊళ్లోనే బాలాజీ కాలనీ దగ్గర నెట్ సెంటర్లో గంటకు ఇరవై రూపాయలిచ్చి కౌంటర్ స్ట్రైక్ ఆడి, రాత్రి పదకొండుకి సైకిల్ తోసుకుంటూ ఇల్లు చేరి తిట్లు తిన్నవాణ్ణే. కాబట్టి ఆట మానేయమని చెప్పే అర్హత నాకు లేదు. కానీ నీ ఉత్తరం చదివితే ఒకటి తమాషాగా అనిపించింది. ర్యాంక్ గురించి గర్వంగా చెప్పావు, పీసీలు బిగించడం, బాట్ రాయడం మాత్రం ఏదో పక్కన జరిగినట్టు చెరో వాక్యంలో తేల్చేశావు. రెజ్యూమెలో దీన్ని తిరగేసి రాయాలి.

అసెండెంట్ ర్యాంక్ ఎంత కష్టమో నాకు తెలుసు, ఎదురుగా కూర్చున్న హెచ్‌ఆర్‌కి తెలియదు. ఆమెకు అది మీ నాయనకు వినిపించినట్టే వినిపిస్తుంది. 'హాబీలు: గేమ్స్ ఆడటం' అని రాయడం అంటే 'హాబీలు: అన్నం తినడం' అని రాయడమే, తీసెయ్. ఈస్పోర్ట్స్ (గేమింగ్ పోటీల) టీముల్లోనో, గేమ్ టెస్టింగ్‌లోనో ఉద్యోగానికి పెట్టుకుంటే అప్పుడు రాసుకో.

బాట్‌ని మాత్రం ప్రాజెక్టుల్లో మొదట పెట్టు. 'డిస్కార్డ్ బాట్ తయారుచేశాను' అని ఊరికే రాస్తే సరిపోదు, యూట్యూబ్ చూసి అరగంటలో చేసేవాళ్లు క్లాసుకి పదిమంది ఉంటారు. ఎంతమంది వాడుతున్నారు, ఎన్ని నెలలుగా నడుస్తోంది, ఎక్కడ నడుస్తోంది, ఏం చెడిపోయింది, ఎలా పట్టుకున్నావు, ఇవి రాయి. నా అంచనా, అది నీ రూమ్‌లో నీ పీసీ మీదే నడుస్తూ ఉంటుంది, కరెంటు పోయిన ప్రతిసారీ బాట్ కూడా పోతుంది, టీంవాళ్లు నిన్ను తిడతారు. అదిగో, ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి కథ దొరికింది! దాన్ని ఏదైనా చిన్న సర్వర్ మీదికి మార్చు, ఆగిపోతే దానంతటదే మళ్లీ మొదలయ్యేలా చెయ్యి, టైమింగులు పోకుండా ఒక ఎస్‌క్యూలైట్ (చిన్న డేటాబేస్) ఫైల్లో దాచు. వారం రోజుల పని. కోడ్ గిట్‌హబ్‌లో పెట్టేముందు ఒక్క జాగ్రత్త, బాట్ టోకెన్ (దాని పాస్‌వర్డ్ లాంటిది) కోడ్‌లోనే ఉంటే అది చూసిన ఎవడైనా నీ బాట్‌ని తన ఇష్టం వచ్చినట్టు ఆడించగలడు. టోకెన్‌ని విడిగా పెట్టు, ఇప్పటికే ఎక్కించేసి ఉంటే పాతది రద్దు చేసి కొత్తది తీసుకో. (ఫైల్లోంచి తీసేస్తే చాలదు, కోడ్ మార్పులు దాచే గిట్ పాతవన్నీ గుర్తుపెట్టుకుంటుంది.)

ఇక ఇంటర్వ్యూ. నెట్‌వర్క్స్‌లో డేటా పంపే రెండు పద్ధతులు టీసీపీకి, యూడీపీకి తేడా ఏంటని అడిగితే మన పిల్లలు పుస్తకంలో నిర్వచనం అప్పజెప్పి ఆగిపోతారు. నీకు ఆ అవసరం లేదు. వాలరెంట్ సర్వర్ సెకనుకు 128 సార్లు ఆటను లెక్కగడుతుంది, అంటే సుమారు 8 మిల్లీసెకన్లకొకసారి. నీ శత్రువు ఎక్కడున్నాడో చెప్పే ప్యాకెట్ (డేటా ముక్క) ఒకటి దారిలో పోయిందనుకో, టీసీపీ లాగా దాన్ని మళ్లీ పంపించమని అడిగి అది వచ్చేదాకా ఆగితే ఏం లాభం? అప్పటికి వాడు గోడ దాటి వెళ్లిపోయి ఉంటాడు. అందుకే ఇలాంటి ఆటలు యూడీపీ మీద నడుస్తాయి, పోయింది పోనీ, కొత్తది వస్తుంది. అదే బ్యాంకు లావాదేవీ అయితే ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదు. ఇలా చెప్పి చూడు, ఎదుటివాడు పెన్ను కింద పెట్టి వింటాడు. ఫ్రేమ్ రేట్ కూడా అంతే, 60 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 60 ఫ్రేమ్‌లు) అంటే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు, 144 అంటే 7 కంటే తక్కువ. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో షెడ్యూలింగ్, మెమరీ, క్యాష్ అని క్లాసులో నిద్రొచ్చిన పాఠాలన్నీ నీ పీసీలో రోజూ రాత్రి నడుస్తున్నవే.

పీసీలు బిగించిన సంగతి రెండు లైన్లలో రాయి, చాలు. ఐదు పీసీల్లో కనీసం ఒకటైనా డిస్‌ప్లే రాకుండా నిన్ను రాత్రంతా కూర్చోబెట్టి ఉంటుంది. ర్యామ్ ఒక్కొక్కటి తీసి పెట్టి చూశావా, ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే డబ్బా) మార్చి చూశావా, ఏ వరసలో చూశావో చెప్పగలిగితే సపోర్ట్ ఇంజనీర్ ఉద్యోగాలకు నీ క్లాస్‌లో ఫస్ట్ వచ్చినవాడికంటే నువ్వే నయం.

బ్యాక్‌లాగ్స్ గురించి తిప్పి చెప్పను. పెద్ద సర్వీస్ కంపెనీలు ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు చాలావరకు బ్యాక్‌లాగ్ ఉంటే అప్లికేషన్ దగ్గరే ఆపేస్తాయి, నీ బాట్ ఎంత బాగున్నా ఎవరూ చూడరు. ఆ మూడు కంపెనీల్లో ఎన్ని అక్కడే పోయాయో నీకే తెలుసు. పరీక్ష అయ్యేదాకా ప్రాక్టీస్ వారానికి రెండు రోజులు పెట్టుకోండని టీంకి చెప్పు, వాళ్లకీ బ్యాక్‌లాగ్స్ ఉండే ఉంటాయిలే.

గేమ్ కంపెనీల సంగతి. మనకు దూరమేమీ కాదు, హైదరాబాద్‌లో ఈఏ ఉంది, బెంగళూరులో రాక్‌స్టార్, పుణెలో యూబీసాఫ్ట్. కానీ బాగా ఆడతావని ఉద్యోగం ఇవ్వరు. టెస్టర్‌గా చేరడం ఒక దారి, అక్కడ పని ఆడటం కాదు, ఒకే తలుపులోంచి రెండొందలసార్లు వెళ్లి ఏ కోణంలో గోడలో ఇరుక్కుంటున్నావో అచ్చంగా మళ్లీ చేసి చూపించేలా రాయడం. ప్రోగ్రామర్‌గా అయితే గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో అన్‌రియల్ ఇంజిన్‌కి సీ ప్లస్ ప్లస్, యూనిటీకి సీ షార్ప్ రావాలి. ఊరికే మొదలెట్టి చూడాలంటే గోడో ఇంజిన్ ఉచితం, నీ 1650 మీద హాయిగా నడుస్తుంది. పబ్‌జీ లాంటిది చేస్తానని కూర్చోకు. మన గుడి మండపాల్లో రాళ్లమీద గీసి ఉంటుంది చూడు పులిజూదం, మూడు పులులు, పదిహేను మేకలు, అది చెయ్యి. మేకల తరఫున మనిషి, పులుల తరఫున కంప్యూటర్. కంప్యూటర్‌కి ఎత్తులు నేర్పాలంటే మినీమ్యాక్స్ (ఎదుటివాడి ఎత్తులు కూడా ముందే లెక్కేసే పద్ధతి) రాయాలి, అది ఏఐ సబ్జెక్టులో ఉన్న పాఠమే. పూర్తయ్యాక ఇచ్‌ డాట్ ఐవో అనే గేమ్‌ల సైట్‌లో పైసా కట్టకుండా పెట్టుకోవచ్చు. గూగుల్ ప్లేకి ఒక్కసారి 25 డాలర్లు, పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్‌కి గేమ్‌కి 100 డాలర్లు కట్టాలి, ఇప్పుడే ఆ ఖర్చెందుకు. ఆ గేమ్ మొదట మీ అవ్వ చేతికిచ్చి ఆడించు, నీ పులులు ఎంత తెలివితక్కువవో ఆమె రెండాటల్లో తేల్చేస్తుంది.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. మా వాడు డిగ్రీ రెండో సంవత్సరం. పొద్దస్తమానం ఫోన్‌లో ఆటే. మొన్న ఖాతాలో నాలుగు వేలు తగ్గితే 'యూసీ కొన్నా' అన్నాడు. అంటే జూదమా? పబ్‌జీని ప్రభుత్వం తీసేసిందన్నారు కదా?

జవాబు: అమ్మా, పబ్‌జీ మొబైల్‌ని 2020 సెప్టెంబరులో నిషేధించారు, నిజమే. 2021 జులైలో అదే కంపెనీ బీజీఎంఐ అని మన దేశానికి విడిగా తెచ్చింది, మధ్యలో పది నెలలపాటు అదీ స్టోర్లలోంచి పోయి, 2023లో తిరిగొచ్చింది. యూసీ అనేది ఆ ఆటలో చెల్లే డబ్బు. తుపాకీకి రంగులు, బొమ్మకి చొక్కాలు కొనుక్కుంటారు. డబ్బు పెట్టి గెలిస్తే ఎక్కువ వస్తుందన్న ఆశ అందులో లేదు కాబట్టి జూదం అనను, దండగ అంటాను. మీరు చూడాల్సింది ఇంకోటి ఉంది. వాడి యూపీఐ లావాదేవీల్లో డబ్బు పోవడమే ఉందా, అప్పుడప్పుడు తిరిగి రావడం కూడా ఉందా? వచ్చీ పోతూ ఉంటే అది రమ్మీయో బెట్టింగో అయి ఉండొచ్చు, అప్పుడు కంగారు పడాల్సిందే. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లను 2020లోనే నిషేధించారు, 2025 ఆగస్టులో దేశమంతటికీ చట్టం తెచ్చి డబ్బు పందేల ఆటలన్నీ వద్దన్నారు, ఈస్పోర్ట్స్‌కి మాత్రం అదే చట్టంలో గుర్తింపు ఇచ్చారు. ఫోన్ లాక్కోవద్దు, పక్కన కూర్చుని ఒక ఆట చూపించమనండి. చూపించడానికి సిగ్గుపడని ఆట అయితే సగం భయం తీరిపోతుంది. ఆ నాలుగు వేలు మాత్రం వాడి పాకెట్ మనీలోంచి కోసేయండి, నన్ను అడిగారని చెప్పకండి.

ప్రశ్న: రేణిగుంట నుంచి. 200 ఎంబీపీఎస్ ఫైబర్ పెట్టించాం. అయినా సాయంత్రం అయితే పింగ్ 35 నుంచి 150కి ఎగురుతుంది. కస్టమర్ కేర్‌వాళ్లు స్పీడ్ బాగానే ఉందంటున్నారు.

జవాబు: వాళ్లు చెప్పేదీ నిజమే, నీ బాధా నిజమే. స్పీడ్ అంటే రోడ్డు ఎంత వెడల్పో, పింగ్ అంటే పోయి రావడానికి పట్టే టైమ్. సాయంత్రం ఇంట్లో ఎవరో సీరియల్ డౌన్‌లోడ్ పెడతారు, ఇంకొకరి ఫోన్ ఫొటోలన్నీ క్లౌడ్‌కి ఎక్కిస్తూ ఉంటుంది, రౌటర్‌లో ప్యాకెట్లు దర్శనం క్యూలో లాగా నిలబడిపోతాయి, మధ్యలో నీదీ ఒకటి. ముందు పీసీకి లాన్ కేబుల్ వేసి ఇంట్లో మిగతా అన్ని ఫోన్లూ ఆపి చూడు. పింగ్ దిగితే తప్పు ఇంట్లోనే, రౌటర్ సెట్టింగ్స్‌లో క్యూవోఎస్ (ఏ ప్యాకెట్ ముందు పోవాలో చెప్పే సెట్టింగ్) ఉంటే ఆన్ చేసి అప్‌లోడ్‌ని అసలు స్పీడ్‌కంటే కాస్త తక్కువకి కట్టెయ్. దిగకపోతే అప్పుడు గొడవ పెట్టుకో. కేబుల్ కుదరకపోతే కనీసం 5 గిగాహెర్ట్జ్ వైఫై వాడు.

ప్రశ్న: చిత్తూరు పాలిటెక్నిక్. 600 వీఏ యూపీఎస్ ఉంది, కొని మూడేళ్లయింది. బ్రౌజింగ్‌లో కరెంటు పోతే పీసీ ఆగదు, గేమ్ ఆడేటప్పుడు పోతే వెంటనే ఆఫ్ అవుతుంది. పెద్ద యూపీఎస్ కొనాలా?

జవాబు: తొందరపడకు. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, మామూలుగా 360 దాకా వస్తుంది. మధ్యరకం కార్డు ఉన్న పీసీకి అది సరిపోవాలి. బ్రౌజింగ్‌లో నిలబడి గేమ్‌లో పడిపోతోందంటే బ్యాటరీ ముసలిదైందని నా అనుమానం, రెండు మూడేళ్లే దాని ఆయుష్షు. లోపల చాలావాటిలో 12 వోల్టుల, 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది, అదొక్కటి మార్పించు. రౌటర్‌ని కూడా యూపీఎస్‌కే తగిలించు, లేకపోతే పీసీ బతికినా మ్యాచ్ పోతుంది.

ప్రశ్న: తిరుపతి, ఎంసీఏ అయిపోయింది. ఒక కన్సల్టెన్సీ నుంచి ఫోన్ వచ్చింది సార్. బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం, ఇంటర్వ్యూ పేరుకే ఉంటుందట. ముందు పదిహేను వేలు, చేరాక రెండు నెలల జీతం ఇవ్వాలట. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా అడుగుతున్నారు. మా ఫ్రెండ్ చేరిపోయాడు. నేను కట్టనా?

జవాబు: వద్దమ్మా. 2009లో ఉద్యోగాలు ఎక్కడా లేనప్పుడు నేను బెంగళూరులో ఇలాగే ఇరవై వేలు కట్టాను. పేరెందుకులే, ఇప్పుడు ఆ బోర్డే లేదు. మూడు వారాలు 'ట్రైనింగ్' అన్నారు, నాలుగో వారం వెళ్తే తలుపుకి తాళం, మెట్లమీద నాలాంటివాళ్లు పదిమంది. సర్టిఫికెట్లు ఇవ్వలేదు కాబట్టి బతికిపోయాను, ఇచ్చినవాడొకడు ఆర్నెల్లు తిరిగాడు. ఉద్యోగం ఇచ్చేవాడు నీకు డబ్బులిస్తాడు, నీ దగ్గర తీసుకోడు. వాళ్లు చెప్పే కంపెనీ పేరు అడుగు, ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో కెరీర్స్ పేజీ చూడు, మెయిల్ ఆ కంపెనీ డొమైన్ నుంచి వచ్చిందో జీమెయిల్ నుంచి వచ్చిందో చూడు. మీ ఫ్రెండ్ ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోయాడని తేలితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయమను, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ముందుకు కదలకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ. ఒరిజినల్స్ ఇచ్చేశాడంటే మాత్రం రేపు పొద్దున్నే నాన్నని వెంటబెట్టుకుని ఆ ఆఫీసుకే వెళ్లమను, ఫోన్లో అడిగితే 'వచ్చేవారం' అంటారు.

ప్రశ్న: పుత్తూరు. అక్క వాడి వదిలేసిన లాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, విండోస్ 11 ఎక్కదంటోంది. దీంతో కోడింగ్ నేర్చుకోవచ్చా, వాలరెంట్ ఆడొచ్చా?

జవాబు: విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, కాబట్టి లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించు. వీలుంటే ఇంకో 4 జీబీ ర్యామ్ వేసి, హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టించు, లాప్‌టాప్ కొత్తదానిలా మారిపోతుంది. కోడింగ్‌కి దివ్యంగా సరిపోతుంది. వాలరెంట్ మాత్రం లినక్స్‌లో నడవదు, దాని వాన్‌గార్డ్ అనే యాంటీ చీట్ (మోసాన్ని పట్టే ప్రోగ్రామ్) ఒప్పుకోదు. ఉద్యోగం వచ్చేదాకా అది ఒకందుకు మంచిదేనేమో, మీ అక్కకి ఈ మాట చూపించకు.