భూస్వరూపాలను గదిలో కూర్చుని చదువుకోవచ్చా?

ఉపగ్రహ చిత్రాలు ఇంత స్పష్టంగా దొరుకుతున్నప్పుడు, భూస్వరూపాలను అధ్యయనం చేసేవారు ఆయా చోట్లకు వెళ్ళవలసిన అవసరం ఉందా అని ఒకరు అడిగారు. విశాఖపట్నంలో ఈ శాస్త్రం చదువుకున్నవాడిగా నేను చెప్పేది ఒక్కటే: వెళ్ళాలి, అదీ వాన వెలిసీ వెలియకముందే వెళ్ళాలి.

విద్యార్థిగా ఉన్నప్పుడు భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల్లో, ఒక గెడ్డ (వాననీరు కోసుకుపోయే వాగు) మొదలయ్యే అంచుకు బారెడు దూరంలో నాలుగు కర్ర గూటాలు పాతి, అంచు ఎంత వెనక్కి జరుగుతుందో కొలవాలనుకున్నాను. నవంబరులో వాయుగుండం తీరం దాటిన మర్నాడు వెళ్ళి చూస్తే రెండే మిగిలాయి. మూడోది అడుగున, పారాణి కలిపినట్లున్న నీటిలో అడ్డంగా పడి ఉంది. నాలుగోది నేటికీ దొరకలేదు. నేను అక్కడ నిలబడి ఉండగానే ఎదుటి గోడ పాదం దగ్గర ఇసుక సన్నని ధారగా జారసాగింది, పైన నెర్రె విచ్చింది, చివరికి నిలువెత్తు పెళ్ళ పెద్దగా చప్పుడైనా లేకుండా కూలిపోయింది. అప్పటిదాకా వాన పైనుంచే దిబ్బను కోస్తుందని పరీక్షల్లో ధైర్యంగా రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అక్కడి ఇసుక రేణువులకు ఎర్రరంగునిచ్చే ఇనుప ఆక్సైడు, వాటి నడుమనున్న బంకమన్ను ఎండలో గోడను గోటికి లొంగనంత గట్టిగా నిలబెడతాయి. నీరు తగిలితే అదే గోడ పానకంలో వేసిన బెల్లపు అచ్చులా అడుగునుంచి విడిపోతుంది. ఉపగ్రహ చిత్రం అంచు నిన్న ఎక్కడ ఉంది, నేడు ఎక్కడ ఉంది అన్నది చూపుతుంది గాని, ఈ కూలే తీరును చూపదు.

విశాఖ ఆర్కే బీచ్ కోత విషయంలోనూ ఇదే పొరపాటు, పైకి కనిపించేదే కారణమనుకోవడం. ఇసుక తగ్గగానే అందరూ తుఫానును తిడతారు. ఏటా నైరుతి నుంచి ఈశాన్యానికి తీరం వెంబడి సాగే ఇసుకకు విశాఖ ఓడరేవు ఔటర్ హార్బరు కోసం సముద్రంలో కట్టిన అడ్డుగోడలు ఆటంకమయ్యాయని, అందుకే తవ్విన ఇసుకను బీచ్‌కు పంపవలసి వస్తున్నదని ఎవరూ తలచుకోరు.

2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఆ ఎర్రమట్టి దిబ్బలపైకి ఇప్పుడు ఫొటోల కోసం బళ్ళు తోలుతున్నారు. చక్రాల గాడి మరుసటి వానకు కాలువ అవుతుంది. కనుక మీరు అక్కడ గూటాలు పాతకండి. మీ ఇంటికి దగ్గరలో, కొండ దిగువనున్న ఏదో ఒక గెడ్డను ఎంచుకొని, గూటాలను అంచుకు రెండు బారల దూరంలో పాతండి; బారెడు చాలదు.